వీధి కట్టలూ, కాంపౌండు గోడలూ

మన ఐటీ జనాలు ఊళ్ళో ఉన్న అమ్మానాన్నల కోసం చేసే పనుల్లో మొదటిది డబ్బు పంపడం, రెండోది ఇల్లు బాగు చేయించడం. మొదటిదానితో నాకు పేచీ లేదు. నా గోలంతా రెండోదాని గురించే. మనం ఇల్లు బాగు చేయించే పద్ధతి వల్ల వీధి పాడవుతోంది. మనం లేనప్పుడు మన అమ్మానాన్నల్ని కనిపెట్టుకుని ఉండేది ఆ వీధే. నేను చెప్పేది ఆదోని సంగతి. మీది తెనాలి అయినా సిద్దిపేట అయినా పెద్ద తేడా ఉండదనుకుంటా.

మాది అసలు చిప్పగిరి. కర్నూలు జిల్లాకి పడమటి అంచున, గుంతకల్లు పక్కన ఉంటుంది. జిల్లా ఏమో కర్నూలు, సంతకీ సినిమాకీ రైలుకీ మాత్రం అనంతపురం జిల్లాలోని గుంతకల్లు. కన్నడ హరిదాసుల్లో పెద్దవారైన విజయదాసులు 1755లో దేహం చాలించింది చిప్పగిరిలోనే. 'విజయదాసుల కట్ట' అని ఇప్పటికీ ఉంది, కార్తీకమాసంలో ఆరాధనకి కర్ణాటక నుంచి జనం వస్తారు. కోస్తావాళ్ళు అరుగు అనేదాన్ని మా వైపు కట్ట అంటాం. అంటే మా ఊరికి పేరు తెచ్చింది కూడా ఓ కట్టే అన్నమాట :-)

మా చదువుల కోసం నాన్న ఆదోనికి మారాడు. మా వీధిలో ముప్ఫై చిల్లర ఇళ్ళుంటాయి. ఆలూరు, హొళగుంద, కౌతాళం, కోసిగి వైపు నుంచి ఇలాగే పిల్లల చదువులకో, మిల్లులో పనికో, మార్కెట్ యార్డులో కమీషన్ అంగడికో వచ్చి స్థిరపడినవాళ్ళే సగం మంది. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ ఒకే వాక్యంలో దొర్లుతుంటాయి. పత్తి సీజనులో పెద్ద రోడ్డు మీద లారీలు పోతుంటే దూది పింజలు మా సందులోకి కూడా ఎగిరొస్తాయి. వీధి మొదట్లో ఒక కిరాణా అంగడి, దాని పక్కన పొద్దున మాత్రమే ఉండే ఉగ్గాని బజ్జీ బండి, కాస్త అవతల ఇస్త్రీ చేసే ఆయన. ఇంతకంటే చెప్పుకోదగ్గ గొప్ప ఏమీ లేదు. ఒక ఇంటి గోడకి ఇంకో ఇల్లు ఆనుకుని ఉంటుంది, ప్రతి ఇంటి ముందూ ఒక కట్ట, కట్ట కిందనే కాలువ.

ఈ కట్టలూ, వాటి మీద సాయంత్రం ముచ్చట్లూ చూసి "అబ్బ, ఎంత ఆప్యాయత" అనుకునే బాపతు జనం ఉంటారు. నేను ఆ బాపతు కాదు. మా వీధిలో ఆప్యాయతలు ఎంతున్నాయో తగాదాలూ అంతే ఉన్నాయి. వీధిని కలిపి ఉంచింది ఆప్యాయత కంటే నీళ్ళు అని నా అభిప్రాయం.

ఆదోనికీ ఎమ్మిగనూరుకీ తాగునీళ్ళు తుంగభద్ర దిగువ కాలువ నుంచే రావాలి. ఎల్లెల్సీ అంటారు అందరూ. కర్ణాటకలో హొసపేట దగ్గర డ్యాములో బయలుదేరి, బళ్ళారి వైపు పొలాలన్నీ దాటి మా దాకా రావాలి. వచ్చినవి ఊరి బయట చెరువుల్లాంటి ట్యాంకుల్లో నింపుకుని, అక్కడి నుంచి కొళాయిలకి వదులుతారు. ఈ వదలడం రోజూ జరిగే పని కాదు. ఎండాకాలంలో ఏ రోజు వస్తాయో, ఏ జాముకి వస్తాయో తెలిసేది కాదు. కాబట్టి అర్ధరాత్రి మెలకువగా ఉన్నవాళ్ళు నిద్రపోయేవాళ్ళ తలుపులు కొట్టాలి. ఎవరింట్లో బాలింత ఉందో, ఎవరింట్లో ముసలివాళ్ళున్నారో, ఎవరి బిందెలు ముందు పట్టాలో అందరికీ తెలియాలి. వాల్వు తిప్పే మనిషి ఎక్కడున్నాడో కనుక్కోవాలి. ఇదంతా ప్రేమతో జరగలేదు, గత్యంతరం లేక జరిగింది. కానీ జరిగింది కాబట్టి ముప్ఫై ఇళ్ళ సమాచారం ముప్ఫై ఇళ్ళకీ తెలిసి ఉండేది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాము 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయింది గుర్తుందా? ఆ వారం నాన్నకి ఫోన్ చేస్తే మా వీధి మొత్తం ఇరిగేషన్ ఇంజనీర్లయిపోయారు. స్టాప్‌లాగ్ అంటే ఏమిటో మూలింటి చాచా నాకు ఫోన్లో వివరించాడు. ఎన్ని టీఎంసీలు పోయాయో, ఎన్ని మిగులుతాయో, మనకి ఎన్ని నెలలు వస్తాయో ఒక్కో కట్ట మీద ఒక్కో లెక్క. బెంగళూరులో నేనుండే అపార్ట్‌మెంట్లో 2024 వేసవిలో నీళ్ళ కొరత వచ్చినప్పుడు మాకొచ్చింది ఒక మెసేజీ, ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సులో కలుపుతున్నామని. అంతటితో సరి. నాలుగేళ్ళుగా పక్క ఫ్లాటాయన ఏం పని చేస్తాడో నాకు తెలీదు, అతనికీ నా గురించి తెలీదు. ఇద్దరం సుఖంగానే ఉన్నాం.

సర్వర్లతో పనిచేసేవాళ్ళకి 'హార్ట్‌బీట్' అంటే చెప్పక్కర్లేదు. ప్రతి మెషీనూ కొన్ని సెకండ్లకోసారి నేను బతికే ఉన్నానని ఒక చిన్న సంకేతం పంపుతుంది. అది ఆగిపోతే అలర్ట్ వస్తుంది, ఆన్‌కాల్‌లో ఉన్నవాడు నిద్ర లేస్తాడు. మా వీధిలో ప్రతి ఇంటికీ ఇలాంటి హార్ట్‌బీట్ ఉంది. పొద్దున ఆరింటికి కల్లాపి, ముగ్గు. ఆరున్నరకి పాల ప్యాకెట్టు లోపలికి పోవాలి. ఏడింటికి నాన్న అంగడి దగ్గరికెళ్ళి పేపరు చూడాలి. సాయంత్రం అయిదింటికి ఎదురింటి పెద్దమ్మ కట్ట మీదికి రావాలి. వీటిలో ఏది తప్పినా ఎవరో ఒకరు అడుగుతారు.

ఎమ్మిగనూరులో ఇది చెవికి కూడా వినిపించేది. మాచాని సోమప్పగారు 1938లో అక్కడ చేనేత సహకార సంఘం మొదలుపెట్టారు, 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆ ఊరి పేరు బయటికి తెలిసింది దుప్పట్లు, తువ్వాళ్ళ వల్లే. నేతగాళ్ళ ఇంట్లోనే గుంట మగ్గం, ఇంట్లోనే పని. వర్క్ ఫ్రమ్ హోమ్ మనమేదో 2020లో కనిపెట్టినట్టు మాట్లాడుకుంటాం గానీ వాళ్ళకది తాతల నాటి సంగతి. మా మేనత్త వాళ్ళు ఉండేది అక్కడి నేతవాళ్ళ వీధిలోనే. చిన్నప్పుడు సెలవులకి పోతే తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. మా అత్త వంటింట్లో ఉండి "ఈ పొద్దు ఆ మూడో ఇంట్లో మగ్గం ఆడలేదే" అని బయటికెళ్ళి కనుక్కుని వచ్చేది. జ్వరమో, నూలు రాలేదో, మొగుడూ పెళ్ళాల గొడవో, ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు మగ్గాలు బాగా తగ్గిపోయాయి. ఆ చప్పుడు లేకపోతే ఎవరికీ అనుమానం రాదు.

మా వీధిలో రెండేళ్ళ కిందట ఒకటి జరిగింది. రెండిళ్ళ అవతల ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన, కొడుకు అమెరికాలో. పొద్దున స్నానాలగదిలో జారిపడ్డాడు, తుంటి విరిగింది, లేవలేడు, ఫోను హాల్లో ఉంది. ఏడున్నరకి ఉగ్గాని బండామెకి అనుమానం వచ్చింది, ఈయన రోజూ అర ప్లేటు కట్టించుకుపోతాడు, ఈ రోజు రాలేదే అని. అంగడి అన్నకి చెప్పింది. ఆయన వెళ్ళి తలుపు కొట్టాడు, పలకలేదు. పక్కింటి మిద్దె మీంచి ఒక కుర్రాడు లోపలికి దిగాడు. పెద్ద డాక్టరు కావాలంటే మాకు కర్నూలో బళ్ళారో పోవాల్సిందే, కర్నూలుకి సుమారు వంద కిలోమీటర్లు. కారు మాట్లాడిందీ, వెంట వెళ్ళిందీ, ఆస్పత్రిలో సంతకం పెట్టిందీ వీధివాళ్ళే. కొడుకు ఫోనెత్తేసరికి అక్కడ రాత్రయింది, ఇక్కడ ఆయన్ని వార్డులో చేర్చారు. ఆయన ఇప్పుడు చేతికర్రతో తిరుగుతున్నాడు.

దీన్ని మంచితనం అని వదిలేస్తే ఇంక చర్చ ఉండదు. నేను దీన్ని ఏర్పాటు అంటాను. బండామె అక్కడ ఉండటం, ఆయన ఆమె కంటపడేట్టు రోజూ బయటికి రావడం, తలుపు నేరుగా వీధిలోకి ఉండటం, పక్కింటి మిద్దె ఈ మిద్దెకి ఆనుకుని ఉండటం, ఇవన్నీ కలిస్తేనే ఆ పని జరిగింది. వీటిలో రెండు తీసేయండి, మంచివాళ్ళు మంచివాళ్ళుగానే ఉంటారు, ఆయన మాత్రం సాయంత్రం దాకా అలాగే పడి ఉంటాడు.

నాది ఊరి మీద మమకారం అనుకునేవాళ్ళ కోసం షికాగో సంగతి చెప్తాను. 1995 జూలైలో అక్కడ వడగాలులు వచ్చాయి. ఒక్క వారంలో మామూలు కంటే 739 మంది ఎక్కువ చచ్చిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సోషియాలజిస్టు దీని మీద పరిశోధన చేసి 2002లో 'హీట్ వేవ్' అనే పుస్తకం రాశాడు. అందులో పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చాడు, నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అని. రెండూ బీద పేటలే. రెండింట్లోనూ ఒంటరి ముసలివాళ్ళు ఇంచుమించు అంతే. కానీ చావుల రేటు మొదటిదాంట్లో పది రెట్లు. మొదటి పేటలో అంగళ్ళు మూతపడ్డాయి, ఖాళీ జాగాలు పడ్డాయి, జనం భయపడి తలుపులేసుకుని ఉన్నారు. రెండోదాంట్లో అంగళ్ళు కిటకిట, ఫుట్‌పాత్ నిండా జనం. బయటికి రావడానికి ముసలివాళ్ళకి ఓ కారణం ఉంది, వచ్చినప్పుడు పలకరించేవాళ్ళున్నారు. వేసవిలో 40 డిగ్రీలు సునాయాసంగా దాటే ఆదోనిలో అమ్మానాన్నలున్న నాకు ఆ పుస్తకం చదివాక నిద్ర పట్టలేదు.

ఇంతకీ మా వీధి ఇప్పుడు ఏ లాన్‌డేల్ వైపు పోతోంది?

నేను లెక్కపెట్టాను. ముప్ఫై చిల్లర ఇళ్ళలో పదకొండు ఇళ్ళు ఈ పదిహేనేళ్ళలో పడగొట్టి మళ్ళీ కట్టారు. వాటిలో ఎనిమిది ఇళ్ళ డబ్బు హైదరాబాద్, బెంగళూరు, డాలస్ జీతాలది. ఎనిమిదీ ఒకే మూస. ముందు కట్ట పోయింది. ఆ జాగాలో కారు పెట్టుకునే పోర్టికో, కారు సంవత్సరానికి ఓ వారం వస్తుంది. ఆరడుగుల కాంపౌండు గోడ, ఇనుప రేకు గేటు, సందు లేకుండా. కింద సంపు, మోటారు, బోరు. కాపురం మొదటి అంతస్తులో, కింద బాడుగకి. ఏసీ ఉంది కాబట్టి కిటికీలు తెరవరు. గేటు మీద కెమెరా. లోపల మోకాళ్ళ నొప్పులున్న ఇద్దరు పెద్దవాళ్ళు, ఇరవై మెట్ల పైన.

అలాంటి ఇంటికి హార్ట్‌బీట్ ఏముంటుంది? కల్లాపి లేదు, టైల్సు. పాలు గేటుకి తగిలించిన సంచిలో పడతాయి, సాయంత్రం దాకా ఉన్నా రేకు వెనక ఎవరికీ కనపడవు. నీళ్ళ కోసం ఎవరి తలుపూ కొట్టక్కర్లేదు.

కెమెరా ఉంది కదా అంటారు. నేనూ చూశాను చాలామందిని, మీటింగు మధ్యలో ఫోన్లో అమ్మావాళ్ళ హాలు చూసుకునేవాళ్ళని. కెమెరా చూస్తుంది, నిజమే. కానీ లోపలికి వెళ్ళి లేవదీయదు. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న మీకు చూపిస్తుంది, మీరు కంగారుపడి ఫోన్ చేసేది ఎవరికి? ఆ వీధిలో వాళ్ళకే. వాళ్ళ నంబరు మీ దగ్గరుందా? ఉన్నా గేటు లోపలి నుంచి తాళం వేసి ఉంటే వాళ్ళెలా వస్తారు? మానిటరింగ్ బ్రహ్మాండంగా పెట్టి ఆన్‌కాల్‌లో మనిషిని పెట్టడం మర్చిపోయిన సిస్టమ్ ఇది. ఆఫీసులో ఎవరైనా ఇలా డిజైన్ చేసుకొస్తే రివ్యూలో ఉతికి ఆరేస్తాం.

ఇదంతా అమ్మ దగ్గర చెప్తే ఆమె ఒక్క మాటన్నది. "నువ్వు సంవత్సరానికి నాలుగు దినాలొచ్చి కట్ట మీద కూర్చుని పోతావు. బిందెలు మోసింది నేను." నిజం. అర్ధరాత్రి కొళాయి దగ్గర నిలబడ్డ మగవాడు మా వీధిలో ఎవడూ లేడు. సంపు, మోటారు వద్దని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పను కూడా. నీళ్ళ కష్టం వీధిని కలిపిందని చెప్పి ఆ కష్టాన్ని కోరుకోవడం ఎలాంటిదంటే, సర్వర్ పడిపోతేనే టీమంతా కలిసి పనిచేస్తుందని సర్వర్లు పడగొట్టుకోవడం లాంటిది.

ఇంకో సంగతి కూడా దాచిపెట్టకూడదు. వీధి కనిపెట్టుకుని ఉండటం అందరికీ ఒకేలా ఉండదు. ఇంటర్ చదివే ఆడపిల్లకి అదే కట్ట పోలీస్ స్టేషను. ఇల్లు బాడుగకి కావాలని వచ్చినవాళ్ళని మొదటి ప్రశ్న "మీరు ఏమోళ్ళు?" అని. సమాధానం నచ్చకపోతే ఇల్లు ఖాళీ లేదంటారు, టూలెట్ బోర్డు అక్కడే వేలాడుతూ ఉంటుంది. మా ఊళ్ళో ఏ పేట ఎవరిదో అందరికీ తెలుసు. 2020లో లాక్‌డౌనప్పుడు వెదురు కర్రలు కట్టి వీధులు మూసినప్పుడు ఏ వీధి నుంచి ఏ వీధికి బియ్యం పోయాయో, ఏ వీధికి పోలేదో కూడా చూశాను. కాబట్టి అపార్ట్‌మెంట్లో ఎవరూ పట్టించుకోని ఆ ఫ్లాటు నంబరే కొంతమందికి మొదటిసారి దొరికిన గౌరవం. వాళ్ళకి నా ఉపన్యాసం అక్కర్లేదు. (గేటెడ్ కమ్యూనిటీలోనూ ఏరివేత ఉంటుంది లెండి, అక్కడ ధరే అడగాల్సిన ప్రశ్న అడిగేస్తుంది.)

ఆ 2020లోనే నేను ఏడాదిన్నర మా వీధిలో ఉండి పనిచేశాను. మొదటి నెల అంతా "ఏమప్పా, ఉద్యోగం ఉందా పోయిందా?" అని పరామర్శలు. పగలంతా ఇంట్లో ఉండి, చెవుల్లో ఏదో పెట్టుకుని గోడతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు వాళ్ళకి ఉద్యోగస్తుడిలా కనిపించలేదు. రెండో నెలకి కాల్ టైములు కూడా వీధికి తెలిసిపోయాయి. పెద్దమ్మ పదకొండింటికి మిరపకాయలు దంచడం ఆపి, "వాని మీటింగు అయిందేమో చూడు" అని మా అమ్మని అడిగేది. చిరాకు కూడా వచ్చేది, నిజం చెప్పాలంటే. తలనొప్పి వచ్చి ఒక పూట పడుకుంటే నలుగురు నాలుగు కషాయాలు చెప్తారు. ఒంటరిగా ఉండాలనిపిస్తే మిద్దెక్కాలి, మిద్దెక్కితే పక్క మిద్దె మీద ఇంకొకరు. అయినా ఆ ఏడాదిన్నరలో నాకు అర్థమైందేమిటంటే, నేను లేని ఇరవై ఏళ్ళూ మా అమ్మానాన్నల ఆన్‌కాల్ డ్యూటీ ఈ జనమే చేశారు, ఎవరూ రోస్టర్ వేయకుండా. చేసినవాళ్ళ వయసు కూడా ఇప్పుడు డెబ్భైలు. వాళ్ళ పిల్లలూ మనలాగే బయట ఉన్నారు. అంగడి అన్న కొడుకు పుణెలో టెస్టింగ్ చేస్తున్నాడు, అంగడి ఎన్నాళ్ళు నడుస్తుందో తెలీదు.

అందుకే నేను మానేసిన పని ఒకటుంది. బెంగళూరులో కూర్చుని ఆన్‌లైన్‌లో అమ్మావాళ్ళకి సరుకులు పంపించడం లేదు. కొత్తిమీర నుంచి సబ్బు దాకా అంగడి అన్న దగ్గరే, నెలాఖరుకి నేను డబ్బు వేస్తాను. కేజీకి రెండు మూడు రూపాయలు ఎక్కువే పడుతుంది. ఆ ఎక్కువ దేనికో నాకు తెలుసు. రోజుకోసారి నాన్న అక్కడికి నడిచి వెళ్తాడు, వెళ్ళకపోతే అన్న ఫోన్ చేస్తాడు. ఇంకా, మా ఇంటి రెండో తాళంచెవి ఎదురింట్లో ఉంటుంది. వాళ్ళది మా ఇంట్లో. మా బంధువులకి ఇది నచ్చలేదు, ఎందుకంటే ఎదురింటివాళ్ళు మావాళ్ళు కారట. పది నిమిషాల్లో రాగలిగినవాళ్ళే నాకు మావాళ్ళు.

ఈ ఏడు మా ఇల్లూ కట్టాల్సి వచ్చింది, మిద్దె కురుస్తోంది. సంపు, మోటారు అమ్మ చెప్పినట్టే. పడకగది కిందే, నా మాట ప్రకారం. గోడ గురించి మాత్రం మేస్త్రీతో పెద్ద పంచాయితీ జరిగింది. కాంపౌండు గోడ లోపలికి జరిపి, గేటు బయట మన జాగాలోనే మూడడుగుల కట్ట వేయమన్నాను. "మన జాగా మనమే వీధికిచ్చేదేంది సార్, రేపు ఎవరెవరో వచ్చి కూర్చుంటారు" అన్నాడు. కూర్చోవడానికే అన్నాను. కారు పట్టదని నాన్న, అడుగున్నర చాలని మేస్త్రీ. మా ఇద్దరి వాదన మధ్యలో అమ్మ వచ్చి ఎదురింటి పెద్దమ్మని పిలిచి, ఇటికరాళ్ళు పేర్చి వాటి మీద కూర్చోబెట్టి చూసింది. అడుగున్నరకి కాళ్ళు పైకి పెట్టుకోవడం కుదరలేదు. రెండున్నర అడుగులకి ఖాయమైంది. పై బండ తాండూరు రాయి కాకుండా కడప రాయి వేస్తే ఎండకి కాలుతుందా లేదా అన్నది ఇంకా తేలలేదు.